పూజకు నోచుకోని గొట్టం

రిటైరై జమ్మలమడుగులో ఇంటిపట్టున కూర్చున్నా పిల్లలు నన్ను వదల్లేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించిన వాళ్ళు చంకలో ఫైలు పెట్టుకొని వస్తారు. కాఫీ తాగుతారు, కాసేపు ఎండల గురించి మాట్లాడతారు, చివరికి అసలు సంగతికి వస్తారు. "మేడమ్, పీహెచ్‌డీకి ఏ టాపిక్ తీసుకుంటే తొందరగా అయిపోతాది?" అని అడుగుతారు. తొందరగా అయ్యేది ఉప్మా, అది చేసుకోండి నాయనా అంటాను. సగం మంది అక్కడే లేచిపోతారు. మిగిలిన సగం మందికి ఈ సంగతి చెబుతాను.

ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. పేర్లు చెబితే ఇద్దరు అలుగుతారు, ఒకాయన కోర్టుకు పోతాడు. నాకు ఆ ఓపిక లేదు.

నేను ఉద్యోగమంతా ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు కాలేజీలో చేశాను. రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో పోయి ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పి, మళ్ళీ బస్సులో వచ్చేదాన్ని. కాలేజీ కరస్పాండెంటుది పులివెందుల వైపు. పెద్ద భూములున్న కుటుంబం, నలుగురిలో మాట చెల్లుబాటయ్యే మనిషి. ఆ భూముల్లో కొంత వేరుశనగ కూడా మొలవని రాళ్ళ నేల. దాన్ని ఏం చేయాలన్నది ఆయన జీవితంలో పెద్ద ప్రశ్న. చివరికి ఆ నేలలో మందుల ఫ్యాక్టరీ మొలిపిద్దామని నిశ్చయించుకున్నాడు. మందుల ఫ్యాక్టరీ వాళ్ళు ఊరికే రారు కాబట్టి, కాలేజీకి రీసెర్చి సెంటర్ హోదా తెచ్చాడు. అలా మా డిపార్ట్‌మెంటులోకి సైన్సు అడుగుపెట్టింది.

మా హెడ్డు కోస్తా మనిషి. మంచివాడే. మా మాట తీరు ఆయనకు చివరిదాకా అలవాటు కాలేదు. స్టాఫ్ రూములో మేము కబుర్లు చెప్పుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి, "గొడవ పడుతున్నారా, మాట్లాడుకుంటున్నారా అండీ?" అని అడిగేవాడు. రాహుకాలంలో గ్యాస్ సిలిండరు తెరవనిచ్చేవాడు కాదు. ఆయన పూజల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, మా ఇంట్లోనూ దేవుడి గది ఉంది. కాకపోతే ఆయన దేవుడికి చెప్పాల్సినవి యంత్రానికి చెప్పేవాడు, యంత్రాన్ని అడగాల్సినవి దేవుణ్ణి అడిగేవాడు.

ఇక మూడో మనిషి రాజుపాళెం వైపు నుంచి వచ్చిన రీసెర్చి స్కాలరు. వ్యవసాయం చేసే ఇంటి పిల్ల. పేరు చెప్పను, పాప అంటాను, నేను అలాగే పిలిచేదాన్ని. కాగితాల మీద ఆమె గైడు మా హెడ్డు. పని చూసేది కో-గైడునైన నేను. మా కాలేజీలో ఇది వింతేమీ కాదు.

ఆ పాప చేస్తున్న పని ఏమిటో రెండు మాటల్లో చెబుతాను, భయపడకండి. కొన్ని అణువులకు చెప్పుల్లాగా కుడి ఎడమలుంటాయి. పరమాణువులు అవే, కూర్పూ అదే, కానీ ఒకటి ఇంకొకదానికి అద్దంలో బొమ్మ. మందుల్లో చాలావాటికి ఒక కాలి చెప్పే పనికొస్తుంది. రెండోది ఊరికే పడి ఉంటే ఫరవాలేదు, కొన్నిసార్లు ఊరికే ఉండదు. మామూలుగా ఫ్లాస్కులో చర్య జరిపితే రెండూ సగం సగం తయారవుతాయి. మనకు కావలసిన కాలివే ఎక్కువగా తయారు చేయించే ఉత్ప్రేరకం, అంటే కేటలిస్ట్, దాన్ని గీసి, వండి, నిరూపించాలి. కేటలిస్ట్ అంటే రెండు పక్షాలను కలిపి పని జరిపించి తాను మాత్రం ఉన్నట్టే బయటికొచ్చేది. క్లాసులో దీనికి మా వైపు పంచాయతీ పెద్దమనుషులను ఉదాహరణగా చెప్పలేకపోయేదాన్ని. వాళ్ళు ప్రతి పంచాయతీకీ కొంచెం లావై బయటికొస్తారు.

పాప గీసిన అణువు నాకు బాగా నచ్చింది. నడుమ ఒక లోహపు పరమాణువు, దానికి ఒక పక్క లావాటి కొమ్మ. పల్లె బస్సు కిటికీలోంచి సీటు మీద కండువా వేస్తాం చూడండి, అలాగన్నమాట. కండువా ఉన్న పక్కకు ఎవరూ రారు, రెండో పక్క నుంచే వస్తారు, కాబట్టి ఒక కాలి చెప్పే తయారవుతుంది. కంప్యూటరులో ఆ బొమ్మ చక్కగా కుదిరింది. ఫ్లాస్కులో మాత్రం కండువాను పక్కకు నెట్టి కూర్చునే వాళ్ళు చాలామంది తేలారు. ఏళ్ళ తరబడి కొమ్మలు మార్చి మార్చి వండితే నూటికి అరవై కుడివి, నలభై ఎడమవి దాకా వచ్చింది. సున్నా కంటే మేలు. పండగ చేసుకునేంత కాదు. ఆలోపు యూనివర్సిటీ ఇచ్చిన గడువు దగ్గర పడింది. ఆ విద్యా సంవత్సరం లోపల థీసిస్ ఇవ్వకపోతే ఆమె రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్ల బెంగంతా అదే.

కొలిచేది ఎలాగంటే, పోలారిమీటర్ అని ఒక యంత్రం ఉంటుంది. గాజు గొట్టంలో ద్రావణం పోసి దాని గుండా ఒక రకమైన కాంతిని పంపితే, కుడివి ఒక వైపు తిప్పుతాయి, ఎడమవి రెండో వైపు తిప్పుతాయి. సగం సగం ఉంటే ఎటూ తిరగదు. ఎంత ఎక్కువ తిరిగితే కేటలిస్టు అంత గట్టిది. ఇంతకంటే నమ్మకంగా, కుడి ఎడమలను విడదీసి చూపించే యంత్రాలు ఇప్పుడున్నాయి. అలాంటిది ఒకటి కొనిపెట్టమని కరస్పాండెంటును అడిగాం. ఆయన సరేనని కాలేజీ గేటుకు ఆర్చి కట్టించాడు.

మా పోలారిమీటరుకు రెండు గొట్టాలుండేవి. ఒకటి పాతది, మూతల దగ్గర కొంచెం గీతలు పడింది. రెండోది కొత్తది, మఖమల్ గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో వచ్చింది. దాన్ని మేమంతా మంచి గొట్టం అనేవాళ్ళం. రెండు చివరలా మూతలు, మూతల్లో కారకుండా రబ్బరు వాషర్లు. ఏ కొలతకైనా ముందు ఉత్త క్లోరోఫామ్ పోసి యంత్రాన్ని సున్నాకు తేవాలి, తరువాత అదే గొట్టంలో మన సరుకు పోసి చూడాలి. ఇది మొదటి ఏడాది పిల్లలకు చెప్పే పాఠం. మా హెడ్డు దీనికి ఒక సవరణ చేశాడు. "ఉత్త క్లోరోఫామ్‌కి మంచి గొట్టం ఎందుకండీ? అరిగిపోతుంది. సున్నా పాతదాంట్లో పెట్టుకోండి, కొలిచేది కొత్తదాంట్లో కొలవండి" అన్నాడు. చుట్టాలొస్తే తప్ప మంచి కంచాలు దించని ఇళ్ళలో పెరిగిన వాళ్ళం. ఆ మాటలో తప్పు ఎవరికీ కనబడలేదు. రెండు గొట్టాల పొడవూ ఒకటే కాబట్టి లెక్కలకూ అడ్డం రాలేదు.

అప్పుడు దసరా వచ్చింది.

ప్రొద్దుటూరు దసరా గురించి ఇక్కడి వాళ్ళకు నేను చెప్పనక్కర లేదు. ఆ రోజుల్లో ఊళ్ళో పూజ జరగని ఇనుప ముక్క ఉండదు. బంగారు అంగళ్ళలో త్రాసులు, నూనె మిల్లుల్లో గానుగలు, ఆటోలు, కుట్టు మిషన్లు, అన్నిటికీ పసుపు కుంకుమలే. మా ల్యాబులో ఆయుధపూజ హెడ్డు చేతుల మీదుగా జరిగేది. ప్రతి యంత్రానికీ ఒక బొట్టు, ఒక పూవు, ఒక నిమ్మకాయ. ఆ ఏడు పాప గడువు దగ్గరుందని ఆయన జాలిపడి ప్రత్యేకంగా చేశాడు. మంచి గొట్టం పెట్టెలో వాషర్లు పెట్టుకునే చిన్న గుంట ఉంటుంది. నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, ఒక బద్దను ఆ గుంటలో వాషర్ల మీద కూర్చోబెట్టాడు. అందుకే చేసిన గుంటలాగా సరిగ్గా సరిపోయింది. "ఎవరూ తీయకండి, దిష్టి తగులుతుంది" అని మూత పెట్టాడు. పాత గొట్టం గూట్లో ఉండిపోయింది. దానికి బొట్టు కూడా పెట్టలేదు.

సెలవుల తరువాత పాప తన సరుకును మంచి గొట్టంలో పోసి చూస్తే నంబరు ఎగిరి కూర్చుంది. అరవై కాదు, నూటికి తొంభై దాటిన లెక్క. ఆ పిల్ల నా దగ్గరకు పరుగెత్తుకొచ్చిన తీరు నాకు ఇంకా గుర్తుంది.

"మేడమ్, కూచుంది! కండువా కూచుంది మేడమ్!"

"మళ్ళా చూసినావా?"

"మళ్ళా చూసినా. మళ్ళా అంతే వచ్చినాది. కొమ్మ మార్చినాను గదా, అది పని చేసినట్టుంది."

నేనూ సంతోషపడ్డాను. కొమ్మ మార్చిన మాట నిజమే, మారిస్తే పెరగవచ్చు కూడా. హెడ్డుకు ఆశ్చర్యం వేయలేదు. ఆయన పెట్టె వైపు ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని, చెంపలు వేసుకున్నాడు. సాయంత్రానికల్లా కరస్పాండెంటుకు ఫోను పోయింది.

ఆయన మరుసటి రోజే కారులో దిగాడు. "ఏమప్పా, మనోళ్ళు మందు కనిపెట్టినారంట గదా!" అన్నాడు గుమ్మం దాటకముందే.

"మందు కాదు సార్, మందు తయారు చేసేటప్పుడు వాడే కేటలిస్టు" అన్నాను.

"ఏదో ఒకటిలే మేడమ్. పేరు మనదే గదా?"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, ఆ సాయంత్రమే దానికి నామకరణం జరిగింది. ప్రొద్దుటూరు కేటలిస్ట్. లోకల్ పేపర్లో ఫొటోతో వార్త వచ్చింది. ఫొటోలో కరస్పాండెంటు నడుమ, హెడ్డు కుడి పక్క, పాప అంచున సగం కనబడుతూ ఉన్నారు. హైదరాబాదులోని ఒక మందుల కంపెనీ రీసెర్చి అధికారికి ఆహ్వానం పోయింది. దీపావళి దాటాక ఒక రోజు ఆయన వచ్చి కళ్ళారా చూస్తాడు, నచ్చితే పులివెందుల భూమి దాకా మాట నడుస్తుంది. కరస్పాండెంటు గుమాస్తా అప్పుడే ఆ రాళ్ళ నేలకు కంచె వేయించే పనిలో పడ్డాడని విన్నాను.

అదే వారం నంబరు కొంచెం దిగింది. పాప దిగులుపడింది. హెడ్డు నిబ్బరంగా, "దిష్టండీ. పేపర్లో పడింది కదా" అని, శుక్రవారం పూట పెట్టె తెరిచి వాడిపోయిన బద్ద తీసేసి తాజా నిమ్మబద్ద పెట్టాడు. శనివారం నంబరు మళ్ళీ ఎక్కింది. ఇక ఆయనను పట్టడం ఎవరి తరమూ కాలేదు. ప్రతి శుక్రవారమూ కొత్త నిమ్మకాయ తెచ్చేవాడు, ప్రతి శనివారమూ నంబరు పెరిగేది. తన జీవితంలో ఇంత నిక్కచ్చిగా ఫలితమిచ్చిన ప్రయోగం ఇంకొకటి లేదని నాతోనే అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజమని నాకు తరువాత తెలిసింది.

పాప మాత్రం గ్రాఫు గీసుకొని నా ముందు కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది.

"మేడమ్, నా కేటలిస్టు శనివారం ఎగిరెగిరి పని చేస్తాంది, గురువారానికి అలిసిపోతాంది. ఇదేంది మేడమ్? లోహానికి వారం వర్జ్యం తెలుస్తాదా?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరు ముందు లేచామో గుర్తు లేదు. ల్యాబులోకి పోయి, పాత గొట్టంలో సున్నా పెట్టి, మంచి గొట్టంలో ఉత్త క్లోరోఫామ్ పోసి, యంత్రంలో పెట్టాం. కేటలిస్టు లేదు, సరుకు లేదు, ఏమీ లేదు. నంబరు ఎక్కింది. పాప మూత తిప్పి రబ్బరు వాషరు తీసి వాసన చూసింది. నా చేతికిచ్చింది. పులిహోర గిన్నె దగ్గర నిలబడినట్టుంది.

మీలో కెమిస్ట్రీ చదివిన వాళ్ళకు అర్థమై ఉంటుంది. నిమ్మతొక్కలో ఒక నూనె ఉంటుంది, లిమోనీన్. దానికీ కుడి ఎడమలున్నాయి. నిమ్మచెట్టు దాదాపు అంతా కుడిదే తయారు చేస్తుంది, ఏ పీహెచ్‌డీ లేకుండానే. అది కాంతిని బలంగా తిప్పుతుంది, అదీ మా సరుకు తిప్పే వైపే. రబ్బరు ఆ నూనెను పీల్చుకుంది, క్లోరోఫామ్ దాన్ని రబ్బరులోంచి బయటికి లాగింది. పాత గొట్టంలో సున్నా పెట్టి మంచి గొట్టంలో కొలిచినందువల్ల అదంతా పాప లెక్కలో పడింది. పాప సరుకును పాత గొట్టంలో పోసి చూస్తే అరవై చిల్లర. కొత్త కొమ్మ వల్ల వచ్చిన లాభం చాలా కొంచెం.

పాప ఏడవలేదు. స్టూలు మీద కూర్చొని వాషరును వేళ్ళ మధ్య నలుపుతూ, "ఇన్నాళ్ళూ నేనే చేసినా అనుకుంటి మేడమ్. నాకు తెలివుంది అనుకుంటి" అంది. నీకు తెలివుంది కాబట్టే పట్టుకున్నావు అని చెప్పాను. ఆ సమయంలో ఆ మాట ఆమెకు ఎక్కలేదు. గెలుపు పోయిన మనిషికి తెలివుందని చెప్పడం, పంట పోయిన రైతుకు నాగలి బాగుందని చెప్పినట్టే ఉంటుంది.

హెడ్డుకు చెప్పాం. ఆయన మొదట నమ్మలేదు. క్లోరోఫామ్ పోసి చూపించాం. నమ్మాడు. నమ్మాక చాలాసేపు కిటికీలోంచి కొత్త ఆర్చిని చూశాడు.

"ఎల్లుండే కదండీ ఆయన వచ్చేది" అన్నాడు.

"అందుకే ఈ పొద్దే ఫోను చేసి చెప్పండి సార్" అన్నాను.

"ఏమని చెప్పమంటారండీ? మా కేటలిస్టు పేరు నిమ్మకాయ అని చెప్పనా?" ఆయనకు నిజంగానే చెమటలు పట్టాయి. తరువాత పాప వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నిన్ను అబద్ధం చెప్పమనటం లేదు. రోజూ చేసినట్టే చెయ్యి. సున్నా దాంట్లో పెట్టు, సరుకు దీంట్లో పొయ్యి. నంబరు చెప్పేది యంత్రం. అబద్ధమంటూ ఉంటే అది యంత్రానిది, మనది కాదు కదండీ. ఆయన వెళ్ళిపోయాక నెమ్మదిగా సరిచేసుకుందాం. నీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది నేనే కదా, నీ మంచి నాకు తెలీదా?"

ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో నేను విన్న బెదిరింపుల్లో అంత మర్యాదైనది ఇంకోటి లేదు. నడుమ ఒక అండీ కూడా ఉంది.

పాప ఒప్పుకోలేదు, ఆ మాట హెడ్డు ద్వారా కరస్పాండెంటుకు చేరింది. మరుసటి రోజు ఆయన రాజుపాళెం నుంచి పాప తండ్రిని పిలిపించాడు. ఆ పెద్దాయన తెల్ల పంచె కట్టుకొని వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. సినిమాల్లో అయితే ఆయన లేచి న్యాయం గురించి నాలుగు మాటలు చెప్పేవాడు. ఈయన అలాంటిదేమీ చేయలేదు.

కరస్పాండెంటు ఆయన భుజం తట్టి, "ఏం మామా, నీ కూతురు మొండికేస్తాంది. రేపొక్క పొద్దు సరిగ్గా చేసి చూపిస్తే ఈ ఏడే డాక్టరవుతాది. ల్యాకుంటే ఇన్నేండ్లు బస్సు చార్జీలు పెట్టింది దండగే గదా?" అన్నాడు.

తండ్రి కూతురి వైపు చూశాడు. "పెద్దాయన చెప్తాండాడు గదమ్మా. ఒక్క పొద్దే గదా. నిమ్మకాయ అయితే ఏంది, దేవుని దగ్గరదే గదా" అన్నాడు.

"నాయనా, రేపు ఆ కంపెనీ వాళ్ళు దీన్ని నమ్మి మందు చేస్తే, దాంట్లో సగం పనికిరాని సరుకు ఉంటాది. అది ఎవురో ఒకరు మింగుతారు" అంది పాప.

"ఎవురు మింగుతారో మనకేం తెలుసు తల్లీ" అన్నాడు ఆయన. చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. కూతురికి ఇక గడువు లేదని ఆయనకూ తెలుసు. నేను మధ్యలో కల్పించుకోబోతే, "మేడమ్, ఇది మా ఇంటి విషయం" అని కరస్పాండెంటు అన్నాడు. ఎవరి ఇల్లో నాకు ఇప్పటికీ తెలీదు.

పాప సరేనన్నట్టు తలూపింది. నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. బస్టాండు దాకా తోడు పోయాను. బస్సెక్కే ముందు, "రేపు మీరు ముందు వరసలో కూచోండి మేడమ్. మీ మొగం కనపడితే నాకు ధైర్యంగా ఉంటాది" అంది. తల ఎందుకు ఊపిందో నాకు అప్పుడు కొంచెం అనుమానం వచ్చింది.

ఆ రోజు సెమినారు హాలు పెళ్ళి మంటపంలాగా తయారైంది. పోలారిమీటరుకు బంతిపూల దండ. దాని నంబరు అందరికీ కనబడేలా తెర మీదికి కలిపారు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వాళ్ళు, పులివెందుల నుంచి కరస్పాండెంటు బంధువులు, జమ్మలమడుగు నుంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. వీళ్ళలో కేటలిస్టు అంటే ఏమిటో తెలిసిన వాళ్ళను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు ఎక్కువ. కంపెనీ అధికారి సన్నగా, తెల్లవెంట్రుకలతో, తొందర లేని మనిషి. మెడలో వేసిన దండ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

కరస్పాండెంటు ఉపన్యాసం ఇచ్చాడు. "కోస్తా వాళ్ళు మనల్ని బాంబులోళ్ళు అంటారు. ఈ పొద్దు మన సీమ పిల్ల అణువును వంచింది!" అన్నాడు. చప్పట్లు మోగాయి. మా హెడ్డు కూడా కొట్టాడు, కోస్తా మనిషైనా.

పాప లేచింది. తెల్లకోటు వేసుకుంది. పాత గొట్టంలో క్లోరోఫామ్ పోసి సున్నా పెట్టింది. తెర మీద సున్నా కనబడింది. తరువాత మఖమల్ పెట్టె తెరిచి, మంచి గొట్టం తీసి, ఒక సీసాలోంచి అందులో పోసి, యంత్రంలో పెట్టింది. నంబరు ఎక్కుతూ పోయి ఆగింది. శనివారం కూడా కాదు, అయినా ఘనంగా వచ్చింది. హెడ్డు పొద్దున్నే కొత్త నిమ్మకాయ పెట్టి ఉంటాడు.

హాలంతా చప్పట్లు. కరస్పాండెంటు బంధువు ఒకాయన ఈల కూడా వేశాడు. కంపెనీ అధికారి ముందుకు వంగి, "బాగుందమ్మా. ఇది ఏ బ్యాచ్?" అని అడిగాడు.

"ఏ బ్యాచూ కాదు సార్. ఇది ఉత్త క్లోరోఫామ్" అంది పాప.

చప్పట్లు ఒక్కసారిగా ఆగలేదు. ముందు వరసలో ఆగాయి, వెనక వరసల్లో ఇంకాసేపు మోగాయి. హెడ్డు దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. కరస్పాండెంటు మాత్రం మైకు దగ్గరే ఉన్నాడు. ఆయనకు ఆ జవాబు ఇంకో రకంగా అర్థమైంది.

"విన్నారా! కేటలిస్టు ఎయ్యకుండానే ఇంత పవరు వస్తాంది. ఇంక ఏస్తే ఎట్లుంటాదో మీరే ఆలోచన చెయ్యండి!" అన్నాడు.

జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. నేను మొహానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను, నవ్వు ఆపుకోవడానికి. కంపెనీ అధికారి నవ్వలేదు. లేచి వచ్చి, గొట్టం తీసుకుని, మూత విప్పి, వాషరును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్టెలోకి చూశాడు. కుంకుమ అద్దిన నిమ్మబద్దను రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురులో పట్టాడు. ఇక ఎవరూ ఆయనకు ఏమీ వివరించాల్సిన అవసరం లేకపోయింది.

పాప ఇంకో సీసా తీసింది. అందులోంచి పాత గొట్టంలో పోసి, యంత్రంలో పెట్టింది. తెర మీద చిన్న నంబరు వచ్చింది. చాలా చిన్నది. ఆమె తెర వైపు తిరిగి, అందరికీ వినబడేలా, "నాది ఇంతే సార్" అంది.

ఆ మాటకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను కొట్టాను. ఒక్కదాన్నే కొడుతుంటే అందరూ వింతగా చూశారు, అయినా ఆపలేదు. నా కళ్ళు తడిశాయి, అది దాచుకోవలసిన సంగతి కాదు.

అధికారి ఆమె గీసిన అణువు బొమ్మ అడిగి తీసుకుని, అక్కడే నిలబడి చాలాసేపు చూశాడు. "ఆలోచన మంచిదే. ఈ కొమ్మ ఇంకా చిన్నది, పక్క నుంచి దారి దొరుకుతోంది" అన్నాడు. భోజనానికి ఉండలేదు. పులివెందుల భూమి చూడలేదు. ఉగ్గాణీ బజ్జీలూ, రాగిసంగటీ నాటుకోడీ అన్నీ బంధువులే తిన్నారు.

తరువాత జరిగింది మీరు ఊహించగలరు. తిలా పాపం తలా పిడికెడు అని పంచుకోవలసింది పోయి, అంతా కలిసి పాప నెత్తిన వేశారు. కాలేజీ పరువు తీసిందన్నారు. ల్యాబు తాళం మార్చారు. తండ్రి ఆమెతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. హెడ్డు ఆరోగ్యం బాగాలేదని గైడు బాధ్యత వదులుకున్నాడు. ఆయన చేసిన పరిశోధనలన్నిటిలో అదే అందరికీ ఉపయోగపడింది. కో-గైడును కాబట్టి సంతకం నాకు వచ్చింది. అరవై చిల్లరతోనే ఆమె థీసిస్ రాసింది, గడువు లోపల ఇచ్చింది. నిమ్మకాయ సంగతి కూడా ఒక అధ్యాయంగా పెట్టింది. వద్దని నేను అనలేదు. పరీక్షకు వచ్చిన వాళ్ళు ఆమెను బాగా ఉతికారు, చివరికి పట్టా ఇచ్చారు. థీసిస్‌లో గెలుపే ఉండాలని రూలేమీ లేదు నాయనా. జరిగింది జరిగినట్టు ఉండాలి. మా ఇంటికొచ్చే పిల్లలకు ఈ ఒక్కటి ఎక్కితే చాలు.

పీహెచ్‌డీ వచ్చాక కొన్ని వారాలకు ఎవరో ఈ సంగతంతా పేపర్లో రాశారు, కాలేజీ పేరు లేకుండా. ఊళ్ళో అందరికీ ఏ కాలేజీయో తెలుసు. జనం మెచ్చుకున్నారు. అది అడ్మిషన్ల సీజను. కరస్పాండెంటు అమాంతం నిజాయితీకి నిలువుటద్దమయ్యాడు. సన్మాన సభ పెట్టి, "మా సంస్థలో నిజానికే పెద్దపీట" అని బ్యానరు కట్టించాడు. హెడ్డు కూడా ఆరోగ్యం కుదుటపడి వచ్చి, తానే ఆ పాపకు విలువలు నేర్పానన్నట్టు ఐదు నిమిషాలు మాట్లాడాడు.

పాపను స్టేజీ మీదికి పిలిచారు. తండ్రి కింద ముందు వరసలో కూర్చున్నాడు, ఈసారి కుర్చీ నిండా. కరస్పాండెంటు శాలువా కప్పుతూ, మైకుకు కొంచెం దూరం జరిగి, గొంతు తగ్గించి అడిగాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి వినబడింది.

"ఇంతకూ పాపా, ఆ పెద్ద నంబరు నిజంగానే తెప్పిచ్చేదానికి దారేమన్నా ఉందా?"

"ఉంది సార్" అంది పాప. "ఆ అణువును మళ్ళా మొదుటి నుంచి గియ్యాల. నాలుగైదేండ్లు పడతాది. అప్పటికీ రాకపోనూవచ్చు."

ఆయన ఇంకా శాలువా అంచు పట్టుకునే ఉన్నాడు.

"కొంచిం ఇట్ల తిరుగు పాపా, ఫొటో తీస్తాండారు" అన్నాడు.